పెరట్లో బీరు కాచే పబ్బులు

ఇంగ్లండులో పల్లెటూరి పాత పబ్బు అనగానే అందరికీ ఒకటే బొమ్మ కళ్లముందుకొస్తుంది. బోర్డు మీద ఫలానా ఏడాది నుంచి అని బంగారు రంగు అక్షరాలు, తల వంచుకుంటే తప్ప నడవనివ్వని నల్లటి దూలాలు, మూలన కట్టెలు మండే నిప్పుగూడు. వచ్చినవాళ్లు వాటిని ఫొటో తీసుకుంటారు. గ్లాసులో పోసే బీరు మాత్రం చాలాచోట్ల ఎక్కడో దూరాన పెద్ద ఫ్యాక్టరీలో తయారై, లారీలో వచ్చి దిగుతుంది. మోటర్వే పక్క హోటల్లోనూ అదే బీరు. అలాంటి పబ్బులో పాతది భవనం ఒక్కటే అని నా అభిప్రాయం. పబ్బుకి అసలు ఆస్తి దాని వెనకాల జరిగే పని. ఆ పని ఆగిపోయాక మిగిలేది మంచి గోడలున్న దుకాణం. ఈ దేశం ఆ గోడల్ని కాపాడినంత శ్రద్ధగా ఆ పనిని కాపాడలేదు. వెస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నవాడిగా నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

వేల్స్ సరిహద్దుకి దగ్గర్లో, ష్రాప్‌షైర్ కొండల మధ్య బిషప్స్ కాజిల్ అనే ఊరుంది. పేరుకి టౌనే గానీ జనాభా రెండు వేలకి అటూఇటూ. వీధి నిటారుగా కొండెక్కుతుంది. అక్కడి త్రీ టన్స్ పబ్బుకి బీరు కాచే లైసెన్సు వచ్చింది 1642లో. రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం మొదలైన ఏడాది అది. మన లెక్కలో చెప్పాలంటే, దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి మద్రాసు దగ్గర చోటిచ్చిన మూడేళ్లకి.

పబ్బు పక్కన వాకిలి దాటితే ఎర్ర ఇటుకల టవర్ ఒకటి కనిపిస్తుంది. అదే బ్రూవరీ. 1880ల చివర్లో జాన్ రాబర్ట్స్ కట్టించాడు. 1976 దాకా ఆ కుటుంబమే బీరు కాచింది. బీరు తయారీకి అంత ఎత్తు ఎందుకో అర్థమైతే ఆ భవనం మొత్తం అర్థమవుతుంది. నీళ్లూ ధాన్యమూ ఒక్కసారి పైఅంతస్తుకి చేరిస్తే చాలు, ఆ తర్వాత పనంతా కిందికి దిగుతూనే జరిగిపోతుంది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పైన మరపట్టి, అరవై అయిదు డిగ్రీల దగ్గరగా ఉన్న నీళ్లలో గంటసేపు నానబెడతారు. గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీళ్లు కింద ఉన్న పెద్ద కాగులోకి దిగుతాయి. అక్కడ హాప్స్ (చేదు కోసం వేసే తీగ పూలు) వేసి గంటా గంటన్నర మరగబెడతారు. చల్లార్చాక ఇంకో మెట్టు కింద పులియబెట్టే తొట్టెలు, అట్టడుగున పీపాలు. పంపులతో పెద్దగా పనిలేదు, భూమే కిందికి లాగుతుంది. మిగిలిన పిప్పి చుట్టుపక్కల రైతుల పశువులకి మేతగా పోతుంది. ఇంగ్లండులో ఇలాంటి టవర్ బ్రూవరీలు ఒకప్పుడు బోలెడు ఉండేవి. ఇప్పుడు వాటిలో చాలా వరకు అపార్టుమెంట్లయ్యాయి.

ఆ తొట్టె దగ్గర నిలబడి చూస్తే చరిత్ర ఎక్కడుందో తెలుస్తుంది. పులియడం మొదలైన ఒకట్రెండు రోజులకి పైన మీగడరంగు నురగ గుట్టలా లేస్తుంది, మధ్యమధ్యలో హాప్స్ జిగురు గోధుమరంగు మచ్చలుగా తేలుతుంది. పండిన అరటిపండు వాసన, కొంచెం ఆపిల్ వాసన, మధ్యలో ముక్కు పొడిచే గ్యాసు. ఆ నురగని బ్రూయర్ గరిటెతో తీసి దాచిపెడతాడు. వచ్చేవారం కాచేదాన్ని పులియబెట్టే ఈస్ట్ అదే. ఒక కాపునుంచి ఇంకో కాపుకి అలా బతికించుకుంటూ వస్తేనే ఆ బీరుకి ఆ రుచి. ఎప్పుడు తియ్యాలి, ఎంత తియ్యాలి, ఏది పారబొయ్యాలి అన్నది పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే. ఏ భవన పరిరక్షణ చట్టంలోనూ ఈ నురగకి చోటు లేదు.

ఒకప్పుడు ఇదంతా మామూలు విషయం. మధ్యయుగాల్లో పల్లెల్లో బీరు కాచింది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంట్లోకి కాచుకున్నదాంట్లో మిగిలింది అమ్మాలనుకుంటే వాకిట్లో పొడుగాటి కర్ర పెట్టి, చివర పచ్చటి కొమ్మ కట్టేవారు. ఊరి తరఫున రుచిచూసే మనిషి వచ్చి నాణ్యత, ధర సరిచూసేవాడు. పదిహేనో శతాబ్దంలో సముద్రం అవతలినుంచి హాప్స్ వాడకం వచ్చింది. హాప్స్ వేసిన బీరు త్వరగా పాడవదు. పాడవదు కాబట్టి దూరం పంపొచ్చు, ఎక్కువ మోతాదులో కాయొచ్చు. అక్కణ్ణుంచి పని నెమ్మదిగా పెట్టుబడి ఉన్న మగవాళ్ల చేతుల్లోకి జారింది.

అయినా పెరటి బ్రూవరీలు చాలాకాలం నిలబడ్డాయి. 1830లో బీర్‌హౌస్ చట్టం వచ్చింది. రెండు గినీలు (రెండు పౌన్లకి కాస్త ఎక్కువ) కట్టిన ఏ ఇంటాయనైనా తన ఇంట్లో బీరు కాచి అమ్ముకోవచ్చు. జిన్ను నుంచి జనాన్ని మళ్లించాలనీ, పెద్ద బ్రూవరీల పట్టు సడలించాలనీ ప్రభుత్వం ఆశ. ఆరు నెలల్లోనే ఇరవై వేలకి పైగా లైసెన్సులు పోయాయి. ఐరన్‌బ్రిడ్జ్ లోయ పక్కన మేడ్లీలో ఉన్న ఆల్ నేషన్స్ పబ్బు ఆ రోజుల్లో పుట్టిందే. తాగుడు కూడా పెరిగిందని గగ్గోలు లేచింది, అందులో నిజం లేకపోలేదు. 1869లో లైసెన్సులిచ్చే అధికారం మళ్లీ మేజిస్ట్రేట్ల చేతికి పోయింది.

నన్నడిగితే పెరటి బ్రూవరీలకి అసలు దెబ్బ అక్కడే పడింది. కొత్త లైసెన్సులు దొరకనప్పుడు ఉన్నవాటికి రేటు పెరుగుతుంది. రేటు పెరిగితే కొనగలిగేది డబ్బున్నవాడే. 1886లో గిన్నిస్ కంపెనీ షేర్లు జనానికి అమ్మింది. దాన్ని చూసి మిగతా పెద్ద బ్రూవరీలూ మార్కెట్‌కి వెళ్లాయి. అలా వచ్చిన డబ్బుతో పబ్బుల్ని వరసగా కొన్నాయి. కొన్న ప్రతి పబ్బులో షరతు ఒకటే: మా బీరే అమ్మాలి. అంటే పెరట్లో కాగు ఆరిపోవాలి. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం కాలపు ఆంక్షలు, ముడిసరుకు కరువు, సుంకాలు మిగిలినవాళ్లలో చాలామందిని తుడిచేశాయి. 1960ల కల్లా ఆరు పెద్ద కంపెనీలు దేశంలో బీరు వ్యాపారాన్ని దాదాపుగా పంచుకున్నాయి. వడపోసి, వేడిచేసి ఈస్ట్‌ని చంపేసి, గ్యాసు ఎక్కించిన కెగ్ బీరు ఊరూరా దిగింది.

1970ల మొదట్లో, ఇంగ్లండు మొత్తంమీద పెరట్లో బీరు కాచుకునే పాత పబ్బులు మిగిలింది నాలుగే. త్రీ టన్స్, ఆల్ నేషన్స్, కార్న్‌వాల్‌లో హెల్‌స్టన్ ఊళ్లోని బ్లూ యాంకర్, డడ్లీ దగ్గర నెదర్టన్‌లో ఓల్డ్ స్వాన్. వేల పబ్బుల్లో నాలుగు.

ఈ నాలుగూ ఏదో పథకం వల్ల మిగలలేదు. మొండిగా అమ్మనన్న కుటుంబాల వల్ల మిగిలాయి. ఓల్డ్ స్వాన్‌ని జనం ఇప్పటికీ డోరిస్ పార్డో పేరుతోనే పిలుస్తారు. 1930ల మొదట్లో భర్తతో కలిసి ఆ పబ్బు తీసుకుని, 1984లో చనిపోయేదాకా నడిపించిందావిడ. ముందుగదిలో పైకి చూస్తే కప్పంతా ఎనామిల్ రేకులు, మధ్యలో పెద్ద హంస బొమ్మ. చుట్టూ గొలుసులు చేసే కొలుములూ బొగ్గు గనులూ ఉన్న ఊరు. షిఫ్టు దిగి గొంతెండిపోయి వచ్చే మనిషికి ఏం కావాలో తెలిసి కాచిన బీరది. ఆవిడ పోయాక కొన్నాళ్లకి బీరు కాయడం ఆగింది. కప్పూ హంసా అలాగే ఉన్నాయి, పబ్బు మాత్రం మామూలు పబ్బయింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ కాగు వెలిగించారు. హెల్‌స్టన్‌లో బ్లూ యాంకర్ కాచే బీరు పేరు స్పింగో. అందులో మిడిల్ అనే రకం మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన ఊరి కుర్రాళ్ల కోసం కాచింది. ఊరి జ్ఞాపకం ఒక వంటకంలా నిలబడిందంటే దానికంటే ఏం కావాలి?

దూరం ఎందుకు ఇంత ముఖ్యమో చెప్పాలి. పీపా బీరు బతికున్న సరుకు. బ్రూవరీనుంచి బయటికొచ్చాక కూడా పీపాలో ఈస్ట్ పనిచేస్తూనే ఉంటుంది. పబ్బు నేలమాళిగలో పదకొండు నుంచి పదమూడు డిగ్రీల మధ్య దాన్ని పడుకోబెట్టాలి, మడ్డి దిగేదాకా ఆగాలి. (మడ్డి త్వరగా దిగడానికి చేప తిత్తినుంచి తీసిన ఐసింగ్లాస్ వేస్తారు చాలాచోట్ల. మన శాకాహారులు అడిగి తాగడం మంచిది.) పీపాకి కొళాయి బిగించి గాలి తగిలిందంటే మూడు రోజుల్లో అమ్ముడైపోవాలి. చిన్న పీపా ఫర్కిన్ అంటే తొమ్మిది గ్యాలన్లు, 72 పైంట్లు (పైంటు అంటే అర లీటరుకి కాస్త ఎక్కువ). ఊరిజనం రోజుకి ఇరవై పాతిక పైంట్లు తాగితేనే చివరి గ్లాసు కూడా బాగుంటుంది. లేకపోతే పులిసిపోయి పారబొయ్యాల్సిందే. మా నల్లగొండ వైపు కల్లుకున్న ధర్మమే దీనికీ ఉంది: చెట్టుకీ తాగేవాడికీ మధ్య దూరం పెరిగినకొద్దీ అది కల్లు కాకుండా పోతుంది. కెగ్ బీరుకి ఈ బాధ లేదు, నెలలు ఆగుతుంది. అందుకే కంపెనీలకి అది ముద్దు. ఊరితో లంకె అక్కర్లేని సరుకు వచ్చాక, ఊరూ పబ్బూ ఒకదానికొకటి అక్కర్లేకుండా పోయాయి.

1971లో నలుగురు స్నేహితులు మొదలుపెట్టిన కామ్రా అనే బీరు తాగేవాళ్ల ఉద్యమం ఈ పీపా బీరుని చావునుంచి తప్పించింది. తాగేవాళ్లు సంఘం కట్టి ఒక తయారీ పద్ధతిని నిలబెట్టడం చిన్న సంగతి కాదు. 2002లో గోర్డన్ బ్రౌన్ ఆర్థికమంత్రిగా ఉన్నప్పుడు చిన్న బ్రూవరీలకి సుంకం సగానికి తగ్గించాడు. దాంతో చిన్న బ్రూవరీలు వందలకొద్దీ పుట్టాయి. మరి ఇంకేం బాధ అని మిత్రులు అడుగుతారు. బాధ ఏమిటంటే, వీటిలో చాలా వాటికి పబ్బు లేదు. ఇండస్ట్రియల్ ఎస్టేట్ షెడ్లలో మంచి బీరు చేస్తున్నారు, దాన్ని అమ్ముకునే చోటు మాత్రం ఎవరో కంపెనీ చేతిలో ఉంది. 1989లో ప్రభుత్వం బ్రూవరీల చేతిలో ఇన్ని పబ్బులు ఉండకూడదని ఆంక్ష పెడితే, అవి పబ్బుల్ని వేరే ఆస్తి కంపెనీలకి అమ్మేశాయి. యజమాని మారాడు గానీ, కౌలుకి తీసుకున్నవాడు చెప్పినచోటే బీరు కొనాలన్న షరతు ఎక్కువచోట్ల అలాగే ఉండిపోయింది. త్రీ టన్స్‌లో కూడా 2003 ప్రాంతంలో బ్రూవరీ, పబ్బు వేరువేరు చేతుల్లోకి వెళ్లాయి. వాకిలికి అటు ఒకరు, ఇటు ఒకరు. అదృష్టం బాగుండి బీరు మాత్రం ఆ వాకిలి దాటి వస్తోంది.

ఇక్కడివాళ్లు దేనికి కన్నీళ్లు పెట్టుకుంటారో రెండు సంఘటనల్లో చూశాను. డడ్లీ దగ్గర హిమ్లీలో క్రూకెడ్ హౌస్ అనే పబ్బు ఉండేది. కింద బొగ్గు గనులు తవ్వడంతో నేల కుంగి, భవనం ఒకవైపుకి ఒరిగిపోయింది. 2023 ఆగస్టు 5 రాత్రి అది తగలబడింది, రెండు రోజులు తిరక్కుండా కూల్చేశారు. దేశమంతా అట్టుడికింది. జనం వచ్చి ఇటుకలు కాపలా కాశారు. పాతదాన్ని ఉన్నదున్నట్టే తిరిగి కట్టాలని తర్వాతి ఫిబ్రవరిలో కౌన్సిల్ ఆదేశించింది. ఆ కోపం న్యాయమైనదే.

ఆ పబ్బు తగలబడిన అయిదారు నెలలకి, 2024 జనవరిలో, అక్కడికి గంట దూరంలో ఉన్న బర్టన్ ఆన్ ట్రెంట్ ఊళ్లో బర్టన్ యూనియన్ అనే బీరు పులియబెట్టే పద్ధతిని ఆపేస్తున్నట్టు కార్ల్స్‌బర్గ్ మార్స్టన్స్ కంపెనీ ప్రకటించింది. పెద్ద పెద్ద ఓక్ పీపాలు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. ఒక్కోదాని నడినెత్తిన హంసమెడలా వంగిన గొట్టం. పులిసే బీరు నురగతో పాటు ఆ గొట్టంలోంచి పైకెక్కి, పీపాలమీదుగా పోయే పొడుగాటి తొట్టెలో పడుతుంది. ఈస్ట్ అక్కడ ఆగుతుంది, బీరు తిరిగి పీపాల్లోకి దిగుతుంది. 1830ల నాటి ఏర్పాటు. బర్టన్ నీళ్లలో సహజంగా ఉండే జిప్సం, ఈ పీపాల్లో బలంగా పెరిగిన ఈస్ట్, రెండూ కలిసి ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసేలా చేశాయి. మద్రాసు, కలకత్తా కంటోన్మెంట్లకి ఓడల్లో వెళ్లింది పేల్ ఏల్ అనే ఈ ఊరి లేతరంగు బీరే. అంత చరిత్ర ఉన్న పద్ధతి ఆగిపోతుంటే, బీరంటే ప్రాణమిచ్చే కొద్దిమంది తప్ప అడిగినవాళ్లు లేరు. చివరికి డెర్బీషైర్‌లోని థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీవాళ్లు ఒక సెట్టు తెచ్చి నిలబెట్టుకోబట్టి ఆ పని ఇంకా బతికుంది. కాలిన భవనం ఇటుక ఇటుకా లేపొచ్చు. చేతిపని ఒక తరం పాటు ఆగితే దాన్ని తిరిగి నేర్పేవాడుండడు.

మందుకి వారసత్వం ఏమిటని మనవాళ్లు అడుగుతారు, ఆ ప్రశ్న తేలిగ్గా తీసుకునేది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాలు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో సారా నిషేధం, 1995లో పూర్తి నిషేధం దాకా వెళ్లింది. ఆ తల్లుల పక్షాన నిలబడే ఈ మాట అంటున్నాను: వాళ్లు పోరాడింది ప్రభుత్వమూ కాంట్రాక్టర్లూ కలిసి ఊళ్లమీదికి తోలిన సారాతో. తయారుచేసేవాడు ఎవరో తెలియదు, అమ్మేవాడికి రోజుకి ఎన్ని ప్యాకెట్లు కదిలాయన్నదే లెక్క, సర్కారుకి రాబడి. ఆ ఏర్పాటుకి పునాది వేసింది కూడా ఈ తెల్లదొరలే. గోదావరి ఏజెన్సీలో 1879లో రంప తిరుగుబాటుకి ముఖ్యమైన కారణాల్లో ఒకటి కల్లు. కొండవాళ్లు తమ ఇంటి అవసరానికి గీసుకునే కల్లుమీద కూడా చిగురుపన్ను వేసి, ఆ హక్కుని కాంట్రాక్టర్లకి గుత్తకిచ్చారు. ఏడేళ్లకి, 1886లో, మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. సరిగ్గా అదే ఏడాది లండన్‌లో జనం గిన్నిస్ షేర్లకోసం ఎగబడుతున్నారు. ఇంగ్లండులో ఆ పని మార్కెట్టూ మేజిస్ట్రేట్లూ చేశారు, మన దగ్గర చట్టమూ పోలీసులూ చేశారు. కాచేవాణ్ణీ గీసేవాణ్ణీ తప్పించి రాబడిని ఒకచోటికి చేర్చడమే రెండుచోట్లా జరిగింది.

ఊళ్లో కాచినంత మాత్రాన తాగుడు మంచిదైపోదు. కాకపోతే బీరు కాచేవాడే బల్లకి అవతల నిలబడి పోస్తున్నప్పుడు, తాగేవాడి భార్యాపిల్లలు కూడా అతనికి తెలుసు. ఎవరికి ఇంక చాలు అని చెప్పాలో అతనికి తెలుసు. ఫ్యాక్టరీకి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

ఈ పనిని కాపాడటం కుదరని పనేం కాదు. జర్మనీలో చెక్ సరిహద్దు దగ్గర ఒబర్‌ఫాల్జ్ ప్రాంతంలో త్సోయ్‌గల్ అనే బీరుంది. విండిషెషెన్‌బాఖ్, ఫాల్కెన్‌బెర్గ్, ఎస్లార్న్ లాంటి ఊళ్లలో ఊరుమ్మడి బ్రూవరీ ఒకటుంటుంది. బీరు కాచే హక్కు మనిషికి కాదు, ఇంటికి ఉంటుంది. హక్కున్న ఇంటివాళ్లు కట్టెలమంట మీద కాచి, తీపినీళ్లని ఇంటికి తీసుకెళ్లి నేలమాళిగలో పులియబెట్టుకుంటారు. వంతులవారీగా నెలకి కొన్ని రోజులు తమ ఇంటిముందు ఆరు మూలల నక్షత్రం వేలాడదీస్తారు. ఆ రోజుల్లో ఆ ఇల్లే పబ్బు. కాగు వాడుకున్నందుకు కట్టే రుసుముతో బ్రూవరీ మరమ్మతులు జరుగుతాయి. జర్మనీ 2018లో దీన్ని తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. వాళ్లు జాబితాకెక్కించింది ఏ భవనాన్నీ కాదు, ఆ వంతునీ ఆ కాపునీ.

బ్రిటన్ ఈ వారసత్వానికి సంబంధించిన యునెస్కో ఒప్పందంలో చేరిందే 2024లో. ఇప్పుడిప్పుడే జాబితా తయారుచేసుకునే దశలో ఉంది. అందులో పెరటి బ్రూవరీ పబ్బుల పని ఉండాలని నా గట్టి కోరిక. చేర్చేటప్పుడు త్రీ టన్స్ టవర్ ఎన్ని అంతస్తులో రాస్తే సరిపోదు. ఈస్ట్‌ని ఒక కాపునుంచి ఇంకో కాపుకి ఎలా బతికిస్తారో, ఫర్కిన్‌ని ఎప్పుడు తెరవాలో, పిప్పి ఏ రైతుకి పోతుందో రాయాలి. ఆ పని నేర్చుకోవాలని వచ్చే కుర్రాడికి జీతమిచ్చే దారి చూపాలి. కౌలు పబ్బులో పెరటి కాగు వెలిగించాలనుకునేవాడికి, సొంతంగా కాచిన బీరుని ఏ షరతూ లేకుండా అమ్ముకునే హక్కు చట్టంలో ఉండాలి. పెద్ద ఆస్తి కంపెనీల కౌలుదార్లకోసం 2016లో పబ్బుల నియమావళి ఒకటి వచ్చింది, అందులో ఇంకో క్లాజు చేర్చడం పార్లమెంటుకి పెద్ద పనేం కాదు. నెదర్టన్‌లో కాగు ఆరిపోయి మళ్లీ వెలగడానికి ఏళ్లు పట్టింది. ఇంకోసారి ఆరితే వెలిగించడం తెలిసిన మనిషి ఆ ఊళ్లో ఉండాలి కదా.